ముందు పట్టు, తర్వాత కట్టర్: సీఎన్‌సీ మిల్లింగ్‌లో జాబ్ బిగింపు, టూల్ ఎంపిక

సీఎన్‌సీ మిల్లింగ్‌లో, అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్ ప్రకారం తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే పనిలో, కట్టర్ విరిగితే ముందు కట్టర్‌ను తిడతాం, తర్వాత ప్రోగ్రామ్ రాసినవాణ్ణి. జాబ్ (కోయాల్సిన ముక్క) వైస్‌లో (దాన్ని రెండు జాల, అంటే దవడల, మధ్య బిగించే సాధనంలో) కాస్త కదిలిందేమో అన్న అనుమానం చివరికెప్పుడో వస్తుంది. నేను స్క్రాప్ చేసిన ముక్కలను తలచుకుంటే ఈ వరుస తలకిందులుగా ఉండాలనిపిస్తుంది. కట్టర్ తప్పుగా ఎంచుకుని పాడు చేసినవాటికంటే, సరైన కట్టర్‌ను బలహీనంగా పట్టిన జాబ్ మీదికి పంపి పాడు చేసినవే ఎక్కువ. అందుకే ఇక్కడ బిగింపు ముందు వస్తుంది, కట్టర్ తర్వాత. మెషిన్ ముందు నిలబడినప్పుడు కూడా ఇదే వరుసలో ఆలోచించండి.

మొదటి అడుగు: డ్రాయింగ్ చూసి, బలం ఎటు పోతుందో ఊహించండి

డ్రాయింగ్ చేతికి రాగానే మూడు సంగతులు వెతకండి. ఒకటి, ఏ రెండు కొలతల మధ్య టాలరెన్స్ (అనుమతించిన తేడా) బాగా బిగుతుగా ఉంది? ఆ రెండింటినీ వీలైతే ఒకే సెట్టింగ్‌లో పూర్తి చేయాలి. జాబ్‌ను విప్పి తిప్పి బిగించిన ప్రతిసారీ కొంత తేడా వచ్చి చేరుతుంది. రెండు, లోపలి మూలల్లో అన్నిటికన్నా చిన్న రేడియస్ ఎంత, అది ఎంత లోతులో ఉంది? మీ అతి చిన్న కట్టర్ ఏదో, అది ఎంత పొడవు బయటికి రావాలో ఈ జవాబే చెబుతుంది. మూడు, మొదటి సెట్టింగ్ అయ్యాక రెండోసారి పట్టుకోవడానికి ఏ ముఖాలు మిగులుతాయి? దీన్ని ముందే ఆలోచించకపోతే సగం పని అయ్యాక పట్టుకోవడానికి అంచే లేని ముక్క చేతిలో మిగులుతుంది.

ఆపైన జాబ్‌ను నిలిపే పద్ధతి. దీనికి పాతదే అయినా తప్పని సూత్రం ఉంది: 3-2-1. పెద్ద ముఖం మూడు బిందువుల మీద కూర్చోవాలి, పొడవాటి పక్క రెండు బిందువులకు ఆనాలి, చివర ఒక బిందువుకు తగలాలి. ఈ ఆరు బిందువులు జాబ్ ఎక్కడ ఉండాలో తేలుస్తాయి. క్లాంప్ పని వేరు, తేలిన చోటునుంచి కదలకుండా నొక్కి ఉంచడమే దాని పని. చాలామంది క్లాంప్‌తోనే జాబ్‌ను స్థానంలోకి లాగాలని చూస్తారు, దాంతో ముక్క వంగుతుంది. వైస్‌లో కూడా ఇదే లెక్క: ప్యారలల్స్ (జాబ్ కింద పెట్టే సమాన ఎత్తు పట్టీలు) కింది ఆధారం, కదలని జా పక్క ఆధారం, వర్క్ స్టాప్ చివరి బిందువు.

కోత బలం ఎటు వస్తుందో కూడా ఇప్పుడే చూసుకోండి. మామూలు ఎండ్ మిల్‌కు (కొనతోనూ పక్కలతోనూ కోసే కట్టర్‌కు) ఫ్లూట్లు (చిప్స్ పోయే గాడులు, వాటి అంచులే కోసే పళ్ళు) కుడివైపు మెలి తిరిగి ఉంటాయి. చిప్స్‌ను పైకి తోడేది ఆ మెలికే. అయితే అది చిప్స్‌తో పాటు జాబ్‌ను కూడా పైకి లాగుతుంది. దానికి ప్రతిగా కట్టర్ తనను పట్టి ఉంచే హోల్డర్‌లోంచి కిందికి జారాలని చూస్తుంది. లోతు కొలత మనం ఇచ్చినదానికంటే ఎక్కువగా వచ్చిందంటే ఈ రెండింటిలో ఏదో ఒకటి జరిగిందేమోనని చూడండి. మెషిన్‌లో ఆఫ్‌సెట్ (కొలత సవరణ) మార్చడం ఆ తర్వాత.

రెండో అడుగు: వైస్

ఎక్కువ పనులకు మంచి మెషిన్ వైస్ సరిపోతుంది. దాన్ని సరిగ్గా వాడటం మాత్రం నేర్చుకోవలసిన పని. టేబుల్‌ను, వైస్ అడుగును శుభ్రంగా తుడిచి, గట్టిపడిన బర్‌లను (అంచున లేచిన లోహపు ముళ్ళను) నూనె రాయితో తీసేసి వైస్‌ను పెట్టండి. డయల్‌ను (సన్నటి తేడాలు చూపే ముల్లు గేజ్‌ను) స్పిండిల్‌కు, అంటే కట్టర్‌ను తిప్పే భాగానికి, తగిలించి కదలని జా పొడవునా నడపండి. 150 మిల్లీమీటర్ల జా మీద ముల్లు 0.01 మిల్లీమీటరు దాటకూడదు. కదిలే జాకు డయల్ పెట్టి లాభం లేదు, అది ఎలాగూ కదిలేదే.

బిగించేటప్పుడు కదిలే జా కాస్త పైకి లేస్తుంది. దాంతో పాటు జాబ్ కూడా ఆ పక్కన ప్యారలల్ మీదినుంచి లేస్తుంది. బిగించాక మెత్తటి సుత్తితో తట్టి కూర్చోబెట్టేది ఇందుకే. తట్టాక రెండు ప్యారలల్స్‌నూ వేలితో కదిపి చూడండి, రెండూ కదలకూడదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: తట్టిన తర్వాత 'ఇంకాస్త గట్టిగా' అని మళ్ళీ హ్యాండిల్ తిప్పుతారు. దాంతో జాబ్ మళ్ళీ లేస్తుంది. పూర్తిగా బిగించి ఆ తర్వాతే తట్టండి, తట్టాక హ్యాండిల్ జోలికి వెళ్ళకండి.

రంపంతో కోసిన ముడి ముక్క అయితే ముఖాలు సమంగా ఉండవు. రెండు జాల మధ్య నేరుగా బిగిస్తే వంకర ముఖం ఎటు లాగితే జాబ్ అటు తిరుగుతుంది. కదిలే జాకూ జాబ్‌కూ మధ్య ఒక గుండ్రటి కడ్డీ పెట్టండి. అల్యూమినియందో రాగిదో అయితే మంచిది. అప్పుడు ఒత్తిడి ఒక గీత మీదే పడి, రెండో ముఖం కదలని జాకు పూర్తిగా ఆనుతుంది. ఆరు ముఖాలూ చదును చేయడానికి వరుస ఇది:

1. ఉన్నవాటిలో మంచి ముఖం కదలని జాకు, కడ్డీ అవతలి పక్క. పైముఖం కోయండి. ఇదే ఒకటో ముఖం.
2. ఒకటో ముఖాన్ని కదలని జాకు ఆనించి, కడ్డీ పెట్టి రెండో ముఖం కోయండి. ఇది ఒకటోదానికి లంబంగా వస్తుంది.
3. ఒకటో ముఖం కదలని జాకే ఉండాలి, రెండోది ప్యారలల్స్ మీదికి. తట్టి కూర్చోబెట్టి మూడోది కోయండి.
4. ఒకటో ముఖం ప్యారలల్స్ మీద, రెండూ మూడూ జాల మధ్య. ఇప్పుడు కడ్డీ అక్కర్లేదు. నాలుగోది కోయండి.
5. మిగిలిన రెండు చివరలను జా పక్కకు బయటికి పెట్టి, ఎండ్ మిల్ పక్కభాగంతో కోయడం సులువు.

ఎంత లోతు పట్టాలన్నది అందరూ అడిగే ప్రశ్న. జా నున్నగా ఉంటే, భారీ కోత ఉంటే, నేను జాబ్ ఎత్తులో మూడో వంతు పట్టుకోవాలని చూస్తాను. పళ్ళున్న జాలైతే 3 మిల్లీమీటర్ల పట్టు కూడా నిలుస్తుంది, కానీ ఆ ముఖం మీద గాట్లు పడతాయి. కనుక తర్వాత కోసేసే భాగాన్నే వాటికి ఇవ్వాలి.

వంపులున్న ముక్కలకూ, రెండో సెట్టింగ్‌కూ సాఫ్ట్ జాలను మించింది లేదు. అల్యూమినియం దిమ్మలను జాల స్థానంలో బిగించి, వాటిలోనే జాబ్ ఆకారాన్ని కోస్తాం. కోసేటప్పుడు జాల మధ్య ఒక ముక్క పెట్టి, అసలు జాబ్‌ను ఎంత గట్టిగా బిగిస్తారో అంతే గట్టిగా బిగించి కోయండి. ఖాళీగా వదిలి కోస్తే, అసలు బిగింపులో జాలు వాలి ఆకారం సరిపడదు. జాలలో కోసిన ఆ గుంట మూలల్లో చిన్న రిలీఫ్ (అదనపు ఖాళీ) కూడా ఇవ్వండి, లేకపోతే జాబ్ మూలలోని బర్ దాన్ని పూర్తిగా కూర్చోనివ్వదు.

మూడో అడుగు: వైస్‌కు లొంగనివి

పెద్ద ప్లేట్లకు టీ-నట్, స్టడ్, స్టెప్ క్లాంప్ ఉండనే ఉన్నాయి. ఇక్కడ స్టడ్ ఎక్కడ పెట్టామన్నదే అసలు విషయం. స్టడ్ జాబ్‌కు 30 మిల్లీమీటర్ల దూరంలో, వెనక దిమ్మకు 60 మిల్లీమీటర్ల దూరంలో ఉంటే నట్ బిగింపులో మూడింట రెండొంతులు జాబ్ మీద పడుతుంది. ఆ రెండు దూరాలను తారుమారు చేస్తే మూడో వంతే జాబ్‌కు అందుతుంది, మిగతాదంతా దిమ్మను నొక్కడానికే పోతుంది. వెనక దిమ్మ జాబ్ కంటే ఒక వెంట్రుకవాసి ఎత్తుగా ఉండాలి, తక్కువగా ఉంటే క్లాంప్ జాబ్ అంచును మాత్రమే నొక్కి జారుతుంది. క్లాంప్ నొక్కే చోట జాబ్ కింద ఖాళీ ఉండకూడదు. ఉంటే ముక్క వంగి ఉండగా చదునుగా కోస్తారు, విప్పగానే అది వంకర తిరుగుతుంది.

గుండ్రటి ముక్కలకు వీ-బ్లాక్ గానీ, టేబుల్ మీద బిగించిన మూడు జాల చక్ గానీ చాలు. పదే పదే వచ్చే జాబ్‌కు డోవెల్ పిన్‌లున్న (స్థానం చూపే పిన్‌లున్న) ఫిక్స్చర్ ప్లేట్ చేసుకుంటే దానికి పెట్టిన సమయం కొన్ని బ్యాచ్‌లలోనే తిరిగి వస్తుంది.

పలచటి షీట్లకు వాక్యూమ్ బాగా పనిచేస్తుంది, కానీ దాని బలం గురించి అపోహలు ఎక్కువ. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో, పంపు నడుస్తుంటే చేతికి వచ్చేది 0.8 అనుకోండి. 200 × 150 మిల్లీమీటర్ల ప్లేట్ అంటే 300 చదరపు సెంటీమీటర్లు, అంటే కిందికి 240 కిలోల ఒత్తిడి. వినడానికి ఘనంగానే ఉంది. కానీ పక్కకు జారకుండా ఆపేది ఆ ఒత్తిడి కాదు, దానివల్ల వచ్చే రాపిడి. రాపిడి గుణకం 0.2 అనుకుంటే మిగిలేది 48 కిలోలే. ఈ అంకె గుర్తుంచుకోండి, కింద స్పీడు లెక్కలో దీనితో మళ్ళీ పని పడుతుంది. వాక్యూమ్ మీద జాబ్ పక్కన రెండు చిన్న స్టాప్ పిన్‌లు పెట్టడం అందుకే. మాగ్నెటిక్ చక్‌కూ ఇదే బలహీనత. అది ఇనుము, ఉక్కులాంటి అయస్కాంతానికి అంటుకునే లోహాలనే పడుతుంది.

జాబ్‌కూ కింది ప్లేట్‌కూ చెరో వైపు మాస్కింగ్ టేప్ అంటించి, ఆ రెండు టేపుల మధ్య సూపర్ గ్లూ వేసి అతికించే పద్ధతిని చూసి మొదట్లో నేను నవ్వాను. చిన్న కట్టర్‌తో తేలికపాటి కోతలకు అది నిజంగానే నిలుస్తుంది. వేడి ఎక్కితే మాత్రం వదిలేస్తుంది.

పలచటి గోడలున్న జాబ్‌కు బిగింపే శత్రువు. రఫింగ్‌లో (ఎక్కువ లోహం తీసేసే మొదటి కోతల్లో) అన్ని వైపులా కొంచెం మెటీరియల్ వదిలి కోయండి. తర్వాత వైస్ వదులు చేసి ముక్కను దాని సహజ ఆకారానికి రానివ్వండి. మళ్ళీ తేలిగ్గా బిగించి ఫినిష్ కోత వేయండి. ఈ మధ్యలో వదులు చేయడాన్ని సమయం వృథా అనుకునేవాళ్ళు తర్వాత కొలతలు చూసి తల పట్టుకుంటారు.

నాలుగో అడుగు: ఇప్పుడు కట్టర్

ముందు పొడవు, తర్వాత వ్యాసం, ఆ తర్వాతే మిగతావి. కట్టర్ హోల్డర్ నుంచి బయటికి వచ్చిన పొడవును రెట్టింపు చేస్తే, అదే బలానికి అది 8 రెట్లు వంగుతుంది. వ్యాసం సగమైతే 16 రెట్లు. 10 మిల్లీమీటర్ల కట్టర్‌కు బదులు 8 వాడినా దాదాపు 2.4 రెట్లు. కనుక పని జరిగేంతలో అన్నిటికన్నా పొట్టి కట్టర్, పట్టేంతలో అన్నిటికన్నా లావు కట్టర్. లోతైన పాకెట్ (గుంట) అయితే ఫ్లూట్ పొడవుగా ఉన్నదాన్ని కాక, ఫ్లూట్ పొట్టిగా ఉండి పైన మెడ కాస్త సన్నగా చేసినదాన్ని తీసుకోండి. ఫ్లూట్ కోసిన చోట కట్టర్ గుండె సన్నబడుతుంది, మెడలో అలా కాదు.

వ్యాసానికి ఒక మినహాయింపు ఉంది. పాకెట్ మూల రేడియస్ 5 మిల్లీమీటర్లు ఉంటే 10 మిల్లీమీటర్ల కట్టర్ అచ్చంగా సరిపోతుందని తీసుకోకండి. అది మూలలోకి వెళ్ళి టక్కున దిశ మార్చుకోవాలి. ఆ క్షణంలో కట్టర్ చుట్టుకొలతలో పావు భాగం ఒక్కసారిగా లోహంలో చిక్కుకుంటుంది, కీచుమని అరుస్తుంది, మూలలో గీతలు మిగులుతాయి. 8 మిల్లీమీటర్లది తీసుకుంటే మూలను చిన్న వంపుగా తిరిగి వస్తుంది. స్లాట్‌లకూ అంతే: 10 వెడల్పు స్లాట్‌ను 8తో మధ్యలో కోసి, రెండు గోడలనూ విడిగా ఫినిష్ చేస్తే వెడల్పు మన చేతిలో ఉంటుంది.

ఫ్లూట్ల సంఖ్యను నిర్ణయించేది చిప్‌కు ఎంత చోటు కావాలన్నదే. అల్యూమినియం చిప్స్ పెద్దవిగా, జిగురుగా వస్తాయి, దానికి 2 లేదా 3 ఫ్లూట్లు. ఉక్కుకు 4. పక్కనుంచి పలచగా కోసే ఫినిషింగ్‌కు 5, 6 కూడా బాగుంటాయి. పూర్తి వెడల్పు స్లాట్‌లో మాత్రం అన్ని ఫ్లూట్లు వద్దు, చిప్స్ బయటికి రాలేక నలిగి కట్టర్‌ను విరుస్తాయి. స్టెయిన్‌లెస్ 304 లాంటివి రాపిడికి గట్టిపడతాయి. వాటిలో కట్టర్ కోయకుండా రుద్దుతూ నిలబడితే తర్వాతి పన్ను గట్టిపడిన పొరను కోయాల్సి వస్తుంది. భయపడి ఫీడ్ తగ్గిస్తే స్టెయిన్‌లెస్‌లో నష్టమే.

కోటింగ్ విషయంలో ఒక్కటే గట్టిగా చెబుతాను: అల్యూమినియం కలిసిన కోటింగ్ (టైటానియం అల్యూమినియం నైట్రైడ్ వంటివి) ఉక్కుకు, వేడి పనికి గొప్పది, అల్యూమినియం జాబ్‌కు మాత్రం వద్దు. లోహం అంచుకు అంటుకుపోతుంది. అల్యూమినియంకు కోటింగ్ లేని, బాగా పాలిష్ చేసిన కార్బైడే హాయి. జిర్కోనియం నైట్రైడ్, డీఎల్‌సీ (వజ్రంలాంటి కార్బన్) కోటింగ్‌లు కూడా నడుస్తాయి.

మూల ఆకారం కూడా చూడండి. డ్రాయింగ్ పదునైన మూల అడగకపోతే 0.5 రేడియస్ ఉన్న కట్టర్ తీసుకోండి. ముందు అరిగేదీ, చితికేదీ ఆ పదునైన మొనే. బాల్ నోస్‌ను (కొన గుండ్రంగా ఉండే కట్టర్‌ను) నిజంగా వంపు ఉపరితలం ఉన్నప్పుడే వాడాలి, దాని కొన దగ్గర కోత వేగం సున్నా. 10 మిల్లీమీటర్ల బాల్‌తో పక్కపక్క దారుల మధ్య 0.5 స్టెప్ వేస్తే రెండు దారుల మధ్య మిగిలే గట్టు ఎత్తు సుమారు 0.006 మిల్లీమీటర్లు. స్టెప్‌ను సగం చేస్తే గట్టు పావు అవుతుంది, సమయం మాత్రం రెట్టింపు.

ఇన్సర్ట్ కట్టర్లకు (మార్చుకునే పళ్ళను బిగించే కట్టర్లకు) డబ్బా మీది రంగు చూస్తే సగం ఎంపిక అయినట్టే. ఐఎస్‌ఓ వర్గాల ప్రకారం పీ నీలం ఉక్కుకు, ఎమ్ పసుపు స్టెయిన్‌లెస్‌కు, కే ఎరుపు కాస్ట్ ఐరన్‌కు, ఎన్ ఆకుపచ్చ అల్యూమినియం, ఇత్తడి వంటివాటికి. వేడిని తట్టుకునే మిశ్రలోహాలకు ఎస్, హార్డెన్ చేసినవాటికి హెచ్. ఫేస్ మిల్‌లో (పైముఖాన్ని చదును చేసే వెడల్పు కట్టర్‌లో) పంటి కోణానికీ బిగింపుకూ సంబంధం ఉంది. 45 డిగ్రీలది బలాన్ని కిందికీ పక్కకూ దాదాపు సమంగా పంచుతుంది, గట్టి దిమ్మకు అది మంచిది. కింద ఆధారం లేని పలచటి ముక్కకు 90 డిగ్రీలది మేలు, అది కిందికి తక్కువ నొక్కుతుంది.

అయిదో అడుగు: హోల్డర్

ఈఆర్ కొలెట్‌ను (కట్టర్ చుట్టూ బిగుసుకునే చీలికల గొట్టాన్ని) ముందు నట్‌లోకి టక్ మనేలా ఎక్కించి, తర్వాతే హోల్డర్‌లో పెట్టాలి. హోల్డర్‌లో విడిగా వేసి నట్ తిప్పితే రనౌట్ (తిరిగేటప్పుడు కట్టర్ మధ్యనుంచి తప్పి ఊగడం) వస్తుంది, విప్పేటప్పుడు కొలెట్ లోపలే ఇరుక్కుంటుంది. కట్టర్ షాంక్ (పట్టుకునే కాడ) కొలెట్ పొడవులో కనీసం మూడింట రెండొంతులు లోపల ఉండాలి. 10 అని రాసిన కొలెట్‌లో 10కి మించినది దూర్చకండి.

రనౌట్ ఎంత ముఖ్యమో ఈ లెక్క చూడండి. రెండు ఫ్లూట్ల కట్టర్, పంటికి 0.05 ఫీడ్. డయల్ మీద రనౌట్ 0.02 ఉంటే ఒక పన్ను 0.07 కోస్తుంది, రెండోది 0.03. ఒకటి పనికి చస్తుంటే ఇంకొకటి తీరిగ్గా తిరుగుతుంది. భారీ రఫింగ్‌కు కట్టర్ జారకుండా పక్కనుంచి స్క్రూతో పట్టే హోల్డర్, ఫినిషింగ్‌కు హైడ్రాలిక్ లేదా ష్రింక్ ఫిట్ హోల్డర్ ఉంటే మంచిది. లేకపోయినా శుభ్రమైన ఈఆర్‌తో చాలా దూరం వెళ్ళవచ్చు. శుభ్రమైన అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు, హోల్డర్ టేపర్ (కోసుగా ఉండే భాగం) మీద ఒక్క చిప్ చాలు, పట్టు చెడడానికి.

ఆరో అడుగు: స్పీడు, ఫీడు, బిగింపు లెక్క

స్పిండిల్ వేగం = కోత వేగం × 1000 ÷ (3.14 × వ్యాసం). ఫీడ్ = స్పిండిల్ వేగం × పళ్ళ సంఖ్య × పంటికి ఫీడ్. కార్బైడ్‌కు మొదలుపెట్టే కోత వేగాలుగా మైల్డ్ స్టీల్‌కు నిమిషానికి 100 నుంచి 150 మీటర్లు, స్టెయిన్‌లెస్‌కు 60 నుంచి 90, అల్యూమినియంకు 200 నుంచి పైకి తీసుకోవచ్చు. కట్టర్ కంపెనీ పట్టిక ఉంటే దాన్నే నమ్మండి.

మైల్డ్ స్టీల్, 10 మిల్లీమీటర్లు, 4 ఫ్లూట్లు, వేగం 120, పంటికి 0.05 అనుకుందాం. సుమారు 3820 ఆర్‌పీఎమ్, ఫీడ్ 764. కింద 10 లోతు, పక్కకు 3 వెడల్పు కోస్తే నిమిషానికి దాదాపు 23 ఘన సెంటీమీటర్ల లోహం వస్తుంది. ఇంత పలచటి చిప్‌లో చదరపు మిల్లీమీటరుకు 3000 న్యూటన్ల కోత బలం అనుకుంటే సుమారు 1.1 కిలోవాట్లు, సగటు బలం 570 న్యూటన్లు, అంటే 58 కిలోల బరువంత. పన్ను తగిలిన క్షణంలో దానికి రెట్టింపు, 115 కిలోల దాకా పోవచ్చు. వైస్‌లో రెండు జాల దగ్గరా 0.15 రాపిడి అనుకుంటే 380 కిలోల బిగింపు కావాలి. మంచి వైస్ టన్నుల్లో బిగిస్తుంది, ఏ టెన్షన్ లేదు. అదే కోతను ఇందాకటి వాక్యూమ్ ప్లేట్ మీద వేస్తే? అక్కడ మనకున్నది 48 కిలోలు. జాబ్ ఎగిరిపోతుంది. అక్కడ వెడల్పు, లోతు రెండూ తగ్గించాలి, లేదా స్టాప్ పిన్‌లు పెట్టాలి. కట్టర్ మోయగలిగిన కోతకూ పట్టు మోయగలిగిన కోతకూ మధ్య తేడా ఇదే.

పక్కకు కోసే వెడల్పు బాగా తగ్గిస్తే ఇంకో మెలిక ఉంది. 10 మిల్లీమీటర్ల కట్టర్‌తో 1 మిల్లీమీటరే కోస్తుంటే అసలు చిప్ మందం మనం ఇచ్చినదాంట్లో 0.6 వంతే వస్తుంది. 0.05 ఇచ్చామనుకుంటే కోసేది 0.03. అందుకని అక్కడ పంటికి 0.08 దాకా పెంచాలి, లేకపోతే కట్టర్ కోయడం మాని రుద్దుతుంది.

పాకెట్‌లోకి నిలువుగా దించకండి, 2 నుంచి 3 డిగ్రీల వాలులో గానీ స్క్రూలా తిరుగుతూ గానీ దింపండి. గోడ దగ్గరికి వంపుగా రానివ్వండి.

ఏడో అడుగు: మొదటి ముక్క

జాబ్ పైన గాల్లో ఒకసారి నడిపి, హోల్డర్, నట్ క్లాంప్‌లకు తగలడం లేదని చూసుకోండి. ప్రోగ్రామ్‌లో కట్టర్ మాత్రమే కనిపిస్తుంది, తగిలేది ఎప్పుడూ నట్టే. కోత మొదలయ్యాక చెవి పెట్టండి. ఒకే శ్రుతిలో హమ్ అంటే సరే. కీచుమంటే వెంటనే స్పీడు మీదికి వెళ్ళకండి. ముందు జాబ్ పట్టు, తర్వాత కట్టర్ బయటికి వచ్చిన పొడవు, ఆ తర్వాత కోత వెడల్పు, చివరిగా స్పిండిల్ వేగం. ఈ వరుసలో చూస్తే తప్పు మొదటి రెండింటిలోనే ఎక్కువసార్లు దొరుకుతుంది.

మొదటి ముక్క బిగించినప్పుడు మార్కర్‌తో రెండు గీతలు గీయండి: ఒకటి జాబ్ మీదా జా మీదా కలిసేలా, ఇంకొకటి కట్టర్ షాంక్ మీదా కొలెట్ నట్ మీదా కలిసేలా. షాంక్ మీద నట్ అంచు వెంట ఇంకో అడ్డగీత కూడా పెడితే కట్టర్ కిందికి దిగినా తెలిసిపోతుంది. రఫింగ్ అయ్యాక స్పిండిల్ ఆపి చూడండి. మొదటి గీత తెగితే జాబ్ కదిలింది, షాంక్ గీతలు కదిలితే కట్టర్ జారింది. రెండూ చెక్కు చెదరకుండా ఉంటేనే ఫినిష్ కోత వేయండి.